గిన్నె కింద గాలి

బతుకులో నేను ఒకే ఒక్క మనిషి మీద చెయ్యి చేసుకున్నాను. ఆయన మా బావ. నాకంటే పదేళ్లు పెద్ద, ఒడ్డూ పొడవుల్లో నాకు రెండింతలు. ఆ సమయానికి చేతిలో హారతి పళ్లెం, నోట్లో దేవుడి పేరు. అలాంటి మనిషిని ఎడమ చెవి కింద చాచి కొట్టాను. కొట్టించింది కోపం కాదు, చదువు. ఇన్నేళ్లు చదివిన భూగర్భశాస్త్రమంతా అరచేతిలోకి దిగి ఆయన చెంప మీద పడింది.

దెబ్బలు మా ఇంటికి కొత్త కాదు. కరీంనగర్ బజారులో మాది బట్టల కొట్టు. బాపు చేతిలో ఇనప గజంకడ్డీ ఉండేది. అది తాన్లను ఎంత కొలిచిందో నా వీపునూ అంతే కొలిచింది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకామెకు జాకెట్టు బట్ట జానెడు ఎక్కువ చించి ఇచ్చాను. ఆమె నా బుగ్గ పుణికి, బంగారమసొంటి పిల్లగాడని మెచ్చుకుంది. ఆమె మెట్లు దిగేదాకా బాపు కూడా నవ్వుతూనే ఉన్నాడు. దిగాక కడ్డీ లేచింది.

"బుగ్గ గిల్లితె జానెడిస్తివి. ముద్దు వెడితె తానంత ఇస్తవారా?"

మాటకొక దెబ్బ. నాలుగో దెబ్బకు నేను బేరం పెట్టాను.

"బాపూ, జానెడుకు నాలుగు సాలు. ఐదోది ఎక్కువైతది."

బాపు కడ్డీ ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, న్యాయం ఆలోచించాడు. "సరే, ఐదోది తగ్గించిన. ఇగ ఇది ఆరోది" అని కొట్టాడు. బేరం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత ఎప్పుడూ ఎవరి చేతిలోనూ ఓడలేదు అని రాయాలని ఉంది కానీ, ఈ కథ నేను ఓడినదాని గురించే.

పక్క కొట్టు ఒక చాచాది. రాగి, ఇత్తడి, స్టీలు సామాన్లు. ముందర ఒక పెద్ద గంగాళం నిండా నీళ్లు పోసి ఉంచేవాడు. మాట్లు వేసిన గిన్నెలను అందులో ముంచి, చిల్లు పూడిందో లేదో చూసేవాడు. ఆయన నమాజుకు వెళ్లినప్పుడల్లా నేను గిన్నెను బోర్లించి ఆ నీళ్లలోకి రెండు చేతులా అదిమేవాణ్ణి. లోపల చిక్కుకున్న గాలి కింది నుంచి తన్నేది. ఎంత నొక్కితే అంత ఎదురు తిరిగేది. గిన్నెను ఒక పక్కకు ఇంత వంచితే చాలు, పైకి లేచిన అంచు కింది నుంచి బుడగ బయటపడి నీళ్లను ముఖాన కొట్టేది. ఒకరోజు చాచా తొందరగా తిరిగొచ్చాడు.

"ఏ బద్మాష్, ఏం జేస్తున్నవ్‌రా గిన్నెతోని?"

"గాలి నింపుతున్న చాచా. తూకంల నువ్వు ఎట్లయినా గాలే అమ్ముతవు గద."

ఇత్తడి గరిటె గాలిలో తిరుగుతూ వచ్చి కనుబొమ్మ మీద తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నా వృత్తిలో నాకున్న మొదటి పట్టా అదే. నేను ఆ తర్వాత చదివినదంతా, చేసినదంతా ఆ గంగాళంలోని గిన్నె గురించే.

భూగర్భశాస్త్రం ఎందుకు చదివానంటే ఆ సీటుకు పోటీ లేదు. ఎవరూ అడగని సరుకు చవకగా వస్తుందన్నది కొట్టు నేర్పిన పాఠం. "రాళ్లు గొట్టేటోనికి సదువెందుకురా?" అని బాపు కొన్నాళ్లు పరేషాన్ అయ్యి ఊరుకున్నాడు. బాసర, ధర్మపురి, చెన్నూరు దాటుకుంటూ గోదావరి ఎక్కడికి పోతుందో చివరికి నేనూ అక్కడికే పోయాను. నది సముద్రంలో కలిసే చోట, ఒడ్డుకు చాలా దూరాన, నీటి అడుగున నూనె, వాయువు వెతికే కంపెనీలో ఉద్యోగం.

అందరూ అనుకున్నట్టు భూమి లోపల నూనె చెరువులు ఉండవు. తడి ఇసుకలో నీళ్లు ఉన్నట్టు, ఇసుకరాయి రేణువుల సందుల్లో ఉంటుంది. నీళ్లకంటే నూనె తేలిక, నూనెకంటే వాయువు తేలిక. అందుకని రెండూ రాతి సందుల్లోంచి పైకి పాకుతూనే ఉంటాయి. అడ్డు లేకపోతే సముద్రంలోకి బుడగలై పోతాయి. మేము వెతికేది ఆ అడ్డు. దాన్ని ట్రాప్ అంటాం, ఉచ్చు అన్నమాట.

మా కొట్టులో ఒకదాని మీద ఒకటి పేర్చిన తాన్లను రెండు వైపుల నుంచి గట్టిగా నెడితే మధ్యలో గూనిలా లేస్తాయి. భూమి కూడా రాతి పొరలను అలాగే నెడుతుంది. ఆ గూనిలో ఇసుకరాయి పొర మీద బిగువైన మట్టిరాయి పొర మూతలా ఉంటే, పైకి పాకే వాయువు దాని కింద చిక్కుకుంటుంది. బోర్లించిన గిన్నె కింద గాలి చిక్కుకున్నట్టే. కొన్ని చోట్ల గూని ఉండదు, పగులు ఉంటుంది. దొంతరను నిలువునా కోసి ఒక సగాన్ని కిందికి జార్చినట్టు. అప్పుడు ఇసుకరాయికి ఎదురుగా మట్టిరాయి వచ్చి గోడలా నిలబడుతుంది. అదీ ఉచ్చే.

సముద్రం అడుగున ఉన్న ఈ గూనులను కంటితో చూడలేం కనక, ఓడ వెనక గాలి తుపాకులు కట్టి నీళ్లలో పేలుస్తారు. ఆ దెబ్బ నేలలోకి దిగి, ఒక్కో పొరకూ తగిలి ప్రతిధ్వనిస్తుంది. వాటిని గీతలుగా గీసి నా ముందు పెడతారు. ఆ గీతల్లో బోర్లించిన గిన్నె ఎక్కడుందో, దాని అంచు ఎక్కడ ఎత్తుగా ఉందో చూడడం నా పని. ఆ అంచును దాటి వాయువు నిండదు, అక్కణ్ణుంచి కారిపోతుంది. గిన్నె దొరికితే సరుకు దొరికినట్టు కాదు. మూత పగిలి ఉంటే ఖాళీ. వాయువు దాటిపోయాక గిన్నె తయారై ఉంటే ఖాళీ. నేను చూపిన గిన్నెల్లో ఖాళీవే ఎక్కువ. కానీ ప్రతిసారీ నా వేలు ఒకే చోట ఆగేది, నడినెత్తి మీద. తేలికైనది అక్కడే చేరుతుంది కనక అక్కడే పొడవాలి. ఏళ్ల తరబడి అదే చోటు చూపీ చూపీ నా వేలికి వేరే దారి తెలియకుండా పోయింది.

సముద్రంలో బావి తవ్వే రిగ్గు మీద ఒక మధ్యాహ్నం బావి తన్నింది. లోపలి వాయువు, దాన్ని అణిచి ఉంచడానికి మేము పోసిన బరువు బురదను తోసుకుంటూ పైకి వచ్చింది. అంత లావు ఉక్కు గొట్టం గుర్రంలా ఎగిరింది. బురద మేస్త్రుల ముఖాల మీద కొరడాలా పడింది. గొట్టాన్ని పట్టుకునే ఇనప దవడలో ఒకాయన రెండు వేళ్లు ఉండిపోయాయి. ఆయన తెగిన వేళ్లను చూసుకోలేదు. "మూత ముయ్యండి!" అని అరిచాడు. మూశాకే చూసుకుని కూలబడ్డాడు. నేల కింద కాసేపు ఆగి ఉన్నదాన్ని పొడిస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూసినవాణ్ణని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తెలియక చేశానని అనడానికి నాకు దారి లేదు.

మా అక్కను చెన్నూరు పక్కన ఇచ్చారు. వాగు ఒడ్డున మిరప చేను. ఆ సంవత్సరం మూడు బోర్లు వేశారు, మూడూ ఎండిపోయాయి. బావ కోపం గురించి రెండు జిల్లాల్లో ఉన్న మా చుట్టాలందరికీ తెలుసు. రెండో బోరు ఎండినప్పుడు, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూపిన మనిషిని అదే కాయతో కొట్టాడు. మూడోది ఎండినప్పుడు గొడ్డలి తీసుకుని, దించిన ప్లాస్టిక్ పైపును దించినట్టే నరికాడు. మొదటిది ఎండినప్పుడు ఎవరినీ ఏమీ అనలేదని నాకు చెప్పారు. తర్వాత అక్క మోచేయి చూశాను. కట్టు ఎందుకని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని నాకు తెలుసు. చేయకుండా తప్పించుకోవడంలో నాది అందె వేసిన చెయ్యి.

నేను రిగ్గు నుంచి సెలవు మీద వచ్చిన వారంలోనే అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, సముద్రంల నూనె యాడున్నదో చెప్తవట. మా చేన్ల నీళ్లు యాడున్నయో చెప్పరాదా? పూత మీదున్నది మిర్ప. వారంల తడి వెట్టకుంటె రాలిపోతది."

"బావ ఏమంటుండు?"

"ఏమంటడు. గిది గుడ ఎండితె చేను దున్నేస్త అంటుండు." గొంతు తగ్గించి, "చేనొక్కటే దున్నితె బాగుండు" అంది.

నాలుగో బోరు మీద ఏం ఆధారపడి ఉందో అంతకంటే చెప్పనక్కర్లేదు. తెల్లారి చెన్నూరు బస్సెక్కాను.

చేను చూశాక నా మతి పోయింది. వాగు కోసిన గట్టు మీద రాతి పొరలు పుస్తకం పేజీల్లా కనిపిస్తున్నాయి. ఒక వైపు గట్టున పొరలు తూర్పుకు వాలి ఉన్నాయి, చేను అవతలి వైపు పడమరకు. మధ్యలో చేను గూనిలా లేచి ఉంది. పైన బూడిద రంగు మట్టిరాయి, మూత. సముద్రంలో అలాంటి ఆకారం గీతల్లో కనిపించడానికి మేము ఏళ్లు తపస్సు చేస్తాం. ఇక్కడ మేకలు దాని మీద మేస్తున్నాయి. కాళ్లు వాటంతట అవే నన్ను నడినెత్తికి తీసుకుపోయాయి. అక్కడ మేకు పాతాను.

అక్క కొంగు నడుముకు బిగించి వెనకే వచ్చింది. కింద వాగు వైపు పల్లం చూపించింది.

"గక్కడ ఎయ్యి. ఎండకాలంల గుడ గా గుంటల గడ్డి పచ్చగుంటది. బర్లు గక్కడ్నే పంటయి."

"అక్కా, అక్కడ వేస్తే నీళ్లుండే ఇసుకరాయి బాగా లోతుల తగుల్తది. పొర అటు వాలుతుంది కద. గిక్కడయితే పైపైనే ఉంటది. సగం అడుగులు మిగుల్తయి."

"నీళ్లు గుట్ట మీదుంటయారా?"

"నువ్వు చదువుకోలే, నీకు అర్థం కాదు" అన్నాను. నిజంగానే అన్నాను.

బావ మాత్రం నా వైపే నిలబడ్డాడు. "సముద్రంలనే పొడిచినోడు, మన చేను ఎంత! నువ్వు నోరు ముయ్యి" అని అక్క మీద అరిచాడు. ఇద్దరం తెలివిగలవాళ్లం కలిసి ఆమె నోరు మూయించాం.

నా లెక్కలో రెండు తప్పులు ఉన్నాయి. ఒకటి, గూని నెత్తి మీద చేరేది తేలికైనది. నీళ్లు కాదు, వాయువు. రెండు, ఆ నేల కింద బొగ్గు ఉందని అక్కడి పశువులకు కూడా తెలుసు. బొగ్గు ఉన్న చోట మండే వాయువు పుడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. కానీ తక్కువ అడుగుల్లో పని అయిపోతుందన్న ఆశ నా కళ్లకు గంతలు కట్టింది. బేరం కుదురుతున్నప్పుడు సరుకు ఏమిటో చూడని మనిషిని బాపు ఇంతకంటే గట్టిగా కొట్టి ఉండాల్సింది.

బోరు బండి మేస్త్రి పొద్దున్నే వచ్చాడు. నేల చూసి, గట్టు చూసి, "సార్, గిది మెత్తటి రాయి. గోడలు గూలుతయి. కేసింగు పైపు మొత్తం దించాలె" అన్నాడు. బావి గోడలు కూలకుండా లోపల దించే ఇనప పైపును కేసింగు అంటారు. సముద్రంలో దాన్ని ఒక్క అడుగు తగ్గిద్దామని ఎవరైనా అంటే మీద పడి కరిచేది నేనే. ఇక్కడ మాత్రం నాలో బజారు లేచింది.

"మొత్తమెందుకు? పైన మట్టి దాటేదాక దించు, సాలు."

"గట్లయితె నా జిమ్మేదారి లేదు."

నేను తల అడ్డంగా ఊపి, లేచి, బండికి వీపు తిప్పి నడిచాను. బేరంలో నడక ముఖ్యం. పది అడుగులు నడిచేలోగా పిలుపు రావాలి. ఎనిమిదో అడుగుకు వచ్చింది.

"సార్! సార్, జర ఆగుండ్రి. నలభై అడుగులు దించుత. గంతకన్న తగ్గది."

నలభైకి ఒప్పించాను. బావ నా భుజం మీద కొట్టి, "కోమటోళ్లను గుడ అమ్ముతవు బామ్మర్దీ" అన్నాడు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

బండి మొదలెట్టింది. కంప్రెసరు అరుపుకు పళ్లు వదులయ్యాయి. సుత్తి లోపల నేలను గుద్దుతుంటే పాదాల్లో ఎముకలు కదిలాయి. దుమ్ము ముక్కుల్లోకి, నోళ్లలోకి కొట్టింది. ముందు ఎర్రమట్టి లేచింది, నలభై అడుగుల పైపు దిగింది, తర్వాత బూడిద రంగు పొడి లేచింది. నేను దోసిట పట్టి చూస్తూనే ఉన్నాను. ఆ పొడిలో నల్లటి పలుకులు వచ్చాయి. వేళ్లతో నలిపితే మసి అంటింది. బొగ్గు. లుంగీకి తుడుచుకున్నాను.

మధ్యాహ్నం సుత్తి ఉన్నట్టుండి జానెడు కిందికి జారింది. మట్టిరాయి తెగి ఇసుకరాయి తగిలింది. బొక్కలోంచి బురద నీళ్లు తన్నుకొచ్చి మేస్త్రి ఛాతీ మీద కొట్టాయి.

"ఒచ్చినయ్! గంగమ్మ ఒచ్చింది!"

మేస్త్రి రాడ్లన్నీ పైకి లాగాడు. లాగుతున్న కొద్దీ నీళ్లు ఇంకా ఎగిరాయి. బండిని వెనక్కి తీశాడు. పక్క చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పరుగున వచ్చారు. మా వైపు బోరులో నీళ్లు పడితే మొదటి నీళ్లకు కర్పూరం వెలిగించి హారతి ఇస్తారు. అది అయ్యేదాకా ఎవరూ గుక్క కూడా తాగరు. మూడు బోర్ల కోసం తెచ్చి వెలిగించని కర్పూరమంతా బావ దగ్గర ఉంది. అదంతా స్టీలు పళ్లెంలో కుప్ప పోసి అంటించాడు. రెండు చేతులా ఎత్తి పట్టుకుని బొక్క వైపు నడిచాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అదే మొదటిసారి చూడడం.

నేను నీళ్లను చూశాను. ప్రతి పొంగు పైనా బుడగలు. ఒక్కోటి పిడికిలంత. పగిలిన చోటల్లా మళ్లీ పుడుతున్నాయి. పైపు లోపలే కాదు, పైపు బయట తడి నేలలోంచి కూడా బుడబుడమని వస్తున్నాయి. నేను బేరంలో మిగిల్చిన పైపు అడుగుల లోంచి. చాచా గంగాళం నా కళ్ల ముందు నిలబడింది. గిన్నె వంగింది.

"బావా, ఆగు! ఆర్పు! గ్యాసది!"

"ఏందిరా?"

"గ్యాసు! ఆర్పు!"

"గంగమ్మను పట్టుకొని గ్యాసంటవారా, లం..." అని ముందుకే అడుగేశాడు.

అప్పుడే నా చెయ్యి లేచింది. ఆయన పక్కకు ఒరిగిపోయాడు. పళ్లెం ఎగిరి బురదలో పడింది. కర్పూరం బిళ్లలు చెల్లాచెదరయ్యాయి. చాలావరకు బురదలో చుయ్యిమని ఆరిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరిచారు. రెండు జిల్లాల్లో ఎవడూ చేయని పని నేను చేశాను.

బావ లేచాడు. కొట్టడానికి తెచ్చిన కొబ్బరికాయ ఆయన చేతికి తగిలింది. దాన్ని నా మీద పగలగొట్టాడు. మెడ పక్క ఎముక పుల్లలా విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ఇద్దరం బురదలో పడ్డాం. ఆయన నా గొంతు పట్టాడు, నేను ఆయన చెవి కొరికాను. "దేవుని పళ్లెం తన్నుతవారా!" అని ఆయన, "సస్తవ్, ఇడువు!" అని నేను. నోట్లో రక్తం, కళ్లలో మన్ను.

గాలి తిరిగింది. ఎత్తుగా ఉన్న మట్టి పెల్ల మీద ఆరకుండా మిగిలిన కర్పూరం ఒక్కటే ఒక్కటి. ముందు నేల మీద నీలం రంగు పొర ఒకటి పాకింది, చీర జారినట్టు. తర్వాత బొక్క గర్జించింది.

మంట బండి స్తంభం కంటే ఎత్తు లేచింది. దానితో పాటు రాళ్లు, కాలిన బురద. బావ కుడి చెయ్యి నా గొంతు వదిలి గాలిలో ఉంది, బొక్క వైపు. ఆ చెయ్యి మోచేతి దాకా ఒక్క క్షణంలో కాలింది. మీసం మాడింది. ఆయన అరుపు మంట చప్పుడులో వినబడలేదు, తెరిచిన నోరు మాత్రం కనిపించింది. నేను ఒక చేత్తో ఆయన కాలు పట్టుకుని ఈడ్చాను. విరిగిన ఎముక ప్రతి అడుగుకూ పొడిచింది. మేస్త్రి బండి టైరు పొగలు కక్కుతుండగానే వెనక్కి లాగాడు. కూలి ఆడవాళ్లు వాగులోకి దూకారు. మొదటి నాలుగు సాళ్ల మిరప నిలువునా మాడిపోయింది.

మేస్త్రి మనుషులు బావను వ్యానులో వేసుకుని మంచిర్యాల ఆస్పత్రికి పోయారు. నేను మంటను చూస్తూ కూలబడ్డాను. ఒక గంటకు అది మనిషెత్తుకు దిగింది, ఇంకో గంటకు మోకాలెత్తుకు. గిన్నె చిన్నది. అదొక్కటే మా అదృష్టం.

"బిగువైన మట్టి గావాలె" అన్నాను ఎవరితోనో. "నల్లరేగడి. తడిపి, మీద పోసి..."

అక్క అప్పటికే ట్రాక్టరు ఎక్కింది. వాగులోకి దూకిన ఆడవాళ్లను పేరు పేరునా తిట్టి పైకి లాగి, తట్టలు పట్టించి, ట్రాలీ నిండా తడి రేగడి ఎత్తించింది. గాలికి ఎగువ నుంచి ట్రాలీని వెనక్కి నడుపుతూ మంట దాకా తెచ్చింది. తల మీద తడి గోనెసంచి కప్పుకుంది. ట్రాలీ లేచింది, మట్టి జారింది. మంట బుస్సుమని పక్క నుంచి లేచింది. ఇంకో ట్రాలీ. మూడోదానికి పొగ కూడా ఆగింది. పైన నీళ్లు పోసి, బుడగ వస్తుందేమోనని నేను నేలకు ముఖం ఆనించి చూశాను. రాలేదు.

అక్క ట్రాక్టరు దిగి నా ముందు నిలబడింది. ముఖమంతా మసి. తిడుతుందనుకున్నాను.

"నా మోచెయ్యి ఇరిగినప్పుడు లేవలే నీ చెయ్యి" అంది. "గ్యాసు కాడ మంచిగ లేసింది."

నడినెత్తి మీద, బోరుకు పక్కగా జరిపి పాతిన నా మేకును పీకింది. తిన్నగా వాగు పల్లంలోకి పోయి, బర్రెలు పడుకునే చోట రాయితో కొట్టి పాతింది.

మేస్త్రి రానన్నాడు. ఎన్ని చెప్పినా రానన్నాడు. నేను మెడకు కట్టుతో ఆయన వెనక తిరిగాను. నేను లేచి నడవలేదు, ఆయనే లేచి నడిచాడు. ఎనిమిదో అడుగుకు పిలిచింది నేను.

"మేస్త్రీ, పైపు మొత్తం దించు. అడుగు దాక. నువ్వన్నదానికంటె ఇంకింత ఎక్కువ దించు."

ఆయన నా కట్టు వైపు చూశాడు. "గా మాట మొన్ననే అంటె ఏం బోయింది సార్?" అన్నాడు. కానీ వచ్చాడు.

నాలుగో రోజు పల్లంలో బోరు వేశాం. ఇసుకరాయి చాలా లోతున తగిలింది, నేను భయపడ్డంత లోతున. గిన్నె అంచుకు బాగా కింద. అక్కడ వాయువు ఉండదు, బరువైన నీళ్లే ఉంటాయి. ఆ మాట నాకు నా చదువు చెప్పగలిగేదే. పచ్చగడ్డి అక్కకు ముందే చెప్పింది. పైపు నిండుగా దిగాక నీళ్లు లేచాయి. గర్జించలేదు, ఎగరలేదు. పైపు అంచు కింద దాకా వచ్చి నిలబడ్డాయి. మేస్త్రి డబ్బా దించి తోడాడు. తేటనీళ్లు.

బావ ఆ పొద్దునే ఆస్పత్రి నుంచి వచ్చాడు. కుడి చెయ్యి మోచేతి పైదాకా తెల్లటి కట్టు. మీసం లేని ముఖం ఎవరిదోలా ఉంది. ఎడమ చేతిలో అగ్గిపెట్టె. పళ్లెం కింద పెట్టి, నా పక్కన నిలబడి, నా వైపు చూడకుండా అడిగాడు.

"ముట్టియ్యాల్నా?"

ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను అదివరకు వినలేదు. నేను డబ్బాలోకి వంగాను. ఒక్క బుడగ కోసం చాలాసేపు చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. లేదు. తలెత్తి, ముట్టియ్యి అనబోయాను. నోరు తెరిచే లోపే నా చెవి గుయ్యిమంది. ఎడమ చేత్తోనే కొట్టాడు, అయినా వాగు గిర్రున తిరిగింది. నేను బురదలో కూర్చున్నాను. బావ నా మీదికి ఇంకో అడుగు వేశాడు.

అక్క మధ్యకు వచ్చింది. ఆమె చేతిలో ట్రాక్టరు పాన ఉంది, మూరెడు ఇనుము. దాన్ని ఎత్తలేదు, దించనూ లేదు. బావ దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. ఆగాడు. ఆమె వంగి, కింద పడ్డ అగ్గిపెట్టెను తీసి నడుముకు దోపుకుంది.

"దేవుడు ఆగుతడు. మిర్ప ఆగది. మోటరు దించుండ్రి ఇద్దరు."

ఒకడికి కుడి చెయ్యి ఆడదు, ఒకడికి మెడ తిరగదు. చెరో వైపు పట్టుకుని మోటరు పైపు ఎత్తాం.